మీ నగరం ఎటు పాకుతోందో మీరే కొలవండి, రోడ్ల జాగా ముందే పట్టి ఉంచండి

నగరాల పెరుగుదల అనగానే అందరూ లాగోస్, ఢాకా, ముంబై లాంటి మహానగరాల గురించే మాట్లాడతారు. కానీ ఐక్యరాజ్యసమితి 2018 లెక్కల ప్రకారం ప్రపంచ పట్టణ జనాభాలో దాదాపు సగం మంది ఉండేది 5 లక్షల లోపు జనం ఉన్న ఊళ్లలోనే. 2050 నాటికి ఇంకో 250 కోట్ల మంది పట్టణవాసులవుతారని, అందులో 90 శాతం దాకా ఆసియా, ఆఫ్రికాల్లోనే అని కూడా ఆ నివేదిక అంచనా వేసింది. వీళ్లంతా రాజధానుల్లోనే సర్దుకుంటారా? సర్దుకోరు. చాలామంది రెండో వరస నగరాలకే వస్తారు. అంటే ఊరంతటికీ ఒకరిద్దరు ప్లానర్లు ఉండే చోటికి, ఎప్పుడో గీసిన మాస్టర్ ప్లాన్ బీరువాలో ఉన్న చోటికి, శివార్లలో పొలాలు వారానికొకటి చొప్పున ప్లాట్లయిపోతున్న చోటికి.

ఇది అలాంటి నగరంలో ఉంటూ, దాని గురించి బెంగపడుతూ, ఏం చేయాలో తోచని వాళ్ల కోసం. మీరు వార్డు సభ్యులు కావచ్చు, కాలేజీలో భూగోళం చెప్పే మాస్టారు కావచ్చు, విలేకరి కావచ్చు, కాలనీ సంఘంలో తిరిగే మనిషి కావచ్చు. ఒక మామూలు కంప్యూటర్, ఇంటర్నెట్, కొన్ని శని ఆదివారాలు ఉంటే చాలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఊరు పెరగడాన్ని మీరు ఆపలేరు, ఆపాలని చూసి శక్తి వృథా చేసుకోవద్దు. ఇళ్లు రాకముందే పెద్ద రోడ్లకీ, నీళ్లు పోయే దారులకీ జాగా పట్టి ఉంచగలిగితే మాత్రం మిగతా తప్పుల్లో చాలావాటిని తర్వాత దిద్దుకోవచ్చు. పైపులు తర్వాత వేయొచ్చు, దీపాలు తర్వాత పెట్టొచ్చు, బడి తర్వాత కట్టొచ్చు. ఇళ్లు కట్టేశాక ముప్పై మీటర్ల రోడ్డు తీయాలంటే వందల కుటుంబాలను కదపాలి. అది మనసున్న ఏ మనిషీ కోరుకునే పని కాదు, బడ్జెట్ ఉన్న ఏ మున్సిపాలిటీకీ తేలిక కాదు.

ముందు అసలు నగరం ఎంతవరకో తేల్చుకోండి

మున్సిపాలిటీ హద్దు ఒకటి, నిజంగా కట్టుకున్న ఊరు ఇంకొకటి. చాలా చోట్ల ఊరు హద్దు దాటి ఎప్పుడో పక్క గ్రామాల్లోకి వెళ్లిపోయి ఉంటుంది, ఆ గ్రామాలు కాగితాల మీద ఇంకా గ్రామాలుగానే ఉంటాయి. భారతదేశంలో 2001లో 1,362 ఉన్న జనగణన పట్టణాలు 2011 నాటికి 3,800 దాటాయి. ఇవన్నీ లెక్కల్లో పట్టణాలు, పాలనలో గ్రామాలు. అక్కడ ఇల్లు కట్టాలంటే అడిగేవాళ్లు తక్కువ, మురుగు కాలువ వేయాలంటే డబ్బు ఉన్నవాళ్లు ఇంకా తక్కువ. కాబట్టి ఆఫీసు హద్దును నమ్ముకుని కొలిస్తే అసలు పెరుగుదల జరుగుతున్న చోటే మీ లెక్కలోంచి జారిపోతుంది.

దీనికి వాడుకోదగ్గ ఒక అంతర్జాతీయ కొలమానం ఉంది. 2020 మార్చిలో ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ ఆమోదించిన పద్ధతి అది. నేలను ఒక్కో కిలోమీటరు గళ్లుగా కోస్తారు. చదరపు కిలోమీటరుకు కనీసం 1,500 మంది ఉన్న గళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని, మొత్తం మీద 50,000 మందికి తక్కువ కాకుండా ఉంటే దాన్ని నగరం అంటారు. మీకు ఇంత లాంఛనం అక్కర్లేదనిపిస్తే ఉపగ్రహ చిత్రంలో ఇళ్లు ఆగకుండా సాగినంత మేర చుట్టూ గీత గీసినా సరిపోతుంది. ఒక్కటే నియమం. ఏ పద్ధతి పట్టుకున్నారో అన్ని సంవత్సరాలకూ అదే వాడాలి. 2005కి ఒక రకంగా, 2020కి ఇంకో రకంగా గీస్తే వచ్చేది పెరుగుదల కాదు, పద్ధతుల తేడా.

పాత చిత్రాలు ఎక్కడ దొరుకుతాయి

ముందు గూగుల్ ఎర్త్ ప్రో దించుకోండి, అది 2015 నుంచి ఉచితం. అందులో గడియారం బొమ్మ నొక్కితే పాత సంవత్సరాల చిత్రాలు కనిపిస్తాయి. ఒక గంటసేపు ఏ లెక్కా వేయకుండా ఊరికే వెనక్కీ ముందుకీ జరుపుతూ చూడండి. ఊరు ఏ దిక్కుకు ముందు పాకింది, ఏ రోడ్డు వేశాక ఎన్నాళ్లకు ఇళ్లు వచ్చాయి, ఏ చెరువు ఎంత చిన్నదైపోయింది, అన్నీ కళ్ల ముందే తెలుస్తాయి. ఈ చూపు లేకుండా నేరుగా అంకెల్లోకి దిగితే ఆ అంకెలు మీకు ఏమీ చెప్పవు.

తర్వాత లెక్కకు పనికొచ్చే డేటా. యూరోపియన్ కమిషన్ వాళ్ల సంయుక్త పరిశోధన కేంద్రం జీహెచ్‌ఎస్‌ఎల్ అనే పేరుతో 1975 నుంచి ఐదేళ్లకోసారి చొప్పున ప్రపంచమంతటికీ కట్టడాల పటాలు, జనాభా గళ్లు ఉచితంగా ఇస్తోంది. జర్మనీ అంతరిక్ష సంస్థ 1985 నుంచి 2015 దాకా ఏటేటా ఆవాసాలు ఎలా పెరిగాయో 30 మీటర్ల గళ్లలో ఇచ్చింది. ఒక్కొక్క ఇల్లు విడిగా కావాలంటే గూగుల్ వాళ్ల ఓపెన్ బిల్డింగ్స్ చూడండి. ఆఫ్రికా, దక్షిణాసియా, ఆగ్నేయాసియా, లాటిన్ అమెరికాల్లోని ఇళ్ల ఆకారాలు అందులో ఉన్నాయి. ముడి చిత్రాలే కావాలనుకుంటే ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలవి 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి ఎవరికైనా ఉచితం. 2015 తర్వాతవాటికి సెంటినెల్-2 ఉపగ్రహం మెరుగు, దాని గడి 10 మీటర్లే. వీటన్నిటినీ తెరవడానికి క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మొదట్లో కాస్త తికమకగా ఉంటుంది కానీ మీకు కావలసినవి నాలుగైదు పనులే: పొర తెరవడం, కోయడం, గీత గీయడం, విస్తీర్ణం కొలవడం, పటం ప్రింటు తీయడం.

ఇక్కడ జాగ్రత్తలు చెప్పి తీరాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఎండిన నేల, ఇసుక మేట వేసిన నది, రాతి క్వారీ, ప్లాస్టిక్ కప్పిన పంట షెడ్లు, ఇవన్నీ కంప్యూటర్‌కు కట్టడాల్లా కనిపించగలవు. మట్టి గోడలు, తుప్పు పట్టిన రేకుల ఇళ్లు అయితే నేలలో కలిసిపోయి అసలు కనిపించకపోవచ్చు. అంటే పేదవాళ్లు ఉండే శివారే తక్కువగా లెక్కకు వస్తుంది. అందుకే కనీసం ఒక వంద చోట్ల యాదృచ్ఛికంగా చుక్కలు పెట్టి, ఒక్కొక్క చుక్క దగ్గర అధిక స్పష్టత ఉన్న చిత్రం తెరిచి, డేటా చెప్పింది నిజమో కాదో కళ్లతో సరిచూడండి. పోల్చే రెండు చిత్రాలూ ఒకే ఋతువువై ఉండాలి. ఇంకోటి, జీహెచ్‌ఎస్‌ఎల్ ఇచ్చే కట్టడాల ఉపరితలం అంటే ఇళ్ల కప్పుల విస్తీర్ణమే, ఊరి మొత్తం విస్తీర్ణం కాదు. రోడ్లూ ఖాళీ జాగాలూ కలిపి ఊరు ఆక్రమించిన నేల దానికన్నా ఎంతో పెద్దది. రెండిటినీ కలిపేసి చెబితే ఎవరైనా ఒక్క ప్రశ్నతో మీ లెక్క మొత్తాన్నీ పక్కన పెట్టేస్తారు.

లెక్క

ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 11.3.1 అనే సూచిక సరిగ్గా దీనికోసమే ఉంది. నేల వాడకం ఏడాదికి ఎంత వేగంగా పెరుగుతోందో, దాన్ని జనాభా పెరుగుదల వేగంతో భాగించడమే. ఒక ఊహాత్మక నగరం తీసుకుందాం. 2005లో 20 చదరపు కిలోమీటర్లు, 2 లక్షల జనం. 2020లో 50 చదరపు కిలోమీటర్లు, 3.2 లక్షల జనం. నేల 20 నుంచి 50 అయింది, అంటే ఒకటిన్నర రెట్లు అదనంగా చేరింది. 15 ఏళ్లతో భాగిస్తే ఏడాదికి 10 శాతం. జనాభాకు 3.2ను 2తో భాగించి, వచ్చిన 1.6కి సహజ సంవర్గమానం (కాలిక్యులేటర్‌లో ln మీట) తీసి 15తో భాగించాలి, ఏడాదికి 3.1 శాతం వస్తుంది. 10ని 3.1తో భాగిస్తే 3.2. అంటే జనం కన్నా మూడింతల వేగంతో నేల పోతోంది. దీన్నే మామూలు మాటల్లో చెప్పాలంటే, 2005లో మనిషికి 100 చదరపు మీటర్ల ఊరు ఉండేది, 2020కి 156 అయింది. సభల్లో ఈ రెండో మాటే చెప్పండి. నిష్పత్తి అంటే జనం మొహాలు చూసుకుంటారు, మనిషికి ఎన్ని గజాలు అంటే అందరికీ అర్థమవుతుంది.

మీ ఊరొక్కటే ఇలా ఉందని కంగారు పడొద్దు. పట్టణ పరిశోధకుడు ష్లోమో ఏంజెల్ బృందం 200 నగరాలను కొలిచి 2016లో తెచ్చిన పట్టణ విస్తరణ అట్లాస్‌లో తేలింది కూడా ఇదే. 1990, 2015 మధ్య అభివృద్ధి చెందుతున్న దేశాల నగరాల్లో జనాభా సుమారు రెట్టింపైతే, నగరాలు ఆక్రమించిన నేల సుమారు మూడున్నర రెట్లయింది.

నిష్పత్తి ఒకటికన్నా ఎక్కువ వచ్చిందంటే ఘోరం జరిగిపోయినట్టు కూడా కాదు, ఈ మాట గట్టిగా చెప్పాలి. ఒక గదిలో ఆరుగురు పడుకునే ఊళ్లో మనిషికి కాస్త జాగా పెరగడం మంచిదే. చూడాల్సింది ఆ పెరిగిన నేల ఎవరి చేతిలో ఉంది, దాంట్లో జనం ఉంటున్నారా, రాళ్లు పాతి వదిలేశారా అనేది. అంకె ఒక్కటే ఆ తేడా చెప్పదు. జనాభా దాదాపు పెరగని ఊళ్లో అయితే ఈ నిష్పత్తి పిచ్చి అంకెలు ఇస్తుంది, అక్కడ మనిషికి ఎంత నేల అన్నదే చూసుకోండి.

ఏ రకంగా పాకుతోంది

కొత్తగా వచ్చిన కట్టడాలను రంగులతో మూడు రకాలుగా విడదీయండి. పాత ఊరి లోపలి ఖాళీల్లో వచ్చినవి ఒక రకం. ఊరి అంచును ఆనుకుని వచ్చినవి రెండో రకం. ఊరితో సంబంధం లేకుండా పొలాల మధ్య ఎక్కడో దూకి పడ్డవి మూడో రకం. ఈ మూడోది ఎంత ఉందన్నదే అసలు సంగతి, ఎందుకంటే మధ్యలో ఖాళీగా ఉన్న నేల మీదుగా పైపులు, తీగలు, బస్సులు అన్నీ లాగాలి, ఆ ఖాళీ నేల మాత్రం ఒక్క పైసా ఖర్చు పెట్టని యజమాని చేతిలో ధర పెరుగుతూ ఉంటుంది. హైవే వెంబడి తోకలా సాగే పెరుగుదలను కూడా విడిగా గుర్తు పెట్టుకోండి. పైనుంచి చూస్తే ఊరు చాలా దూరం పాకినట్టుంటుంది, నిజానికి రోడ్డుకు అటూ ఇటూ ఒక్క వరసే ఉంటుంది, దాని వెనకంతా దారి లేని నేల.

ప్రభుత్వమే ఈ దూకుడుకు కారణం అయిన చోట్లు కూడా ఉన్నాయి. మెక్సికోలో గృహ రుణాల వ్యవస్థ ఊరికి దూరంగా, చౌక నేలల్లో లక్షల ఇళ్లు కట్టించింది. తీరా 2010 జనగణన చూస్తే దేశమంతటా దాదాపు 50 లక్షల ఇళ్లు ఖాళీగా తేలాయి, టిహువానా, సియుదాద్ హువారెజ్ లాంటి నగరాల శివారు కాలనీలు దానికి పేరుపడ్డ ఉదాహరణలు. పనికి వెళ్లి రావడానికే జీతంలో పెద్ద భాగం పోతుంటే ఇల్లు ఎంత చౌకైతే ఏం లాభం. మీ ఊళ్లో ప్రభుత్వ గృహాల పథకం ఉంటే ఆ కాలనీలను పటం మీద పెట్టి, పనులున్న చోటికి ఎంత దూరమో కొలవడం ఎట్టి పరిస్థితుల్లోనూ మానొద్దు.

చెప్పులు అరగాల్సిందే

పటం చేతిలో పెట్టుకుని అంచులకు వెళ్లండి. ప్రతి దిక్కునా ఒక చోటు ఎంచుకోండి. టీ తాగుతూ అడిగినట్టు అడగండి, ప్రశ్నపత్రం తీసి కూర్చోవద్దు. స్థలం ఎవరి దగ్గర కొన్నారు, ఏ కాగితం ఇచ్చారు, నీళ్లెక్కడివి, పనికి వెళ్లడానికి ఎంతసేపు, వానాకాలం నీళ్లు ఎక్కడ నిలబడిపోతాయి. ఈ ఐదింటికి జవాబులు వస్తే ఉపగ్రహం చెప్పని సగం తెలిసిపోతుంది.

నేల ఎవరి చేతిలో ఉందన్నది దేశానికో రకం. ఘానాలోని కుమాసి చుట్టూ ఎక్కువ భూమి సంప్రదాయ పెద్దల ఆధీనంలో ఉంటుంది, ఎవరికి ఏ స్థలం ఇవ్వాలో చాలావరకు వాళ్లే నిర్ణయిస్తారు, పురపాలక ప్లాను వెనకాల పరుగెత్తుకొస్తుంది. ఇథియోపియాలో భూమి ప్రభుత్వానిది. మరికొన్ని దేశాల్లో రైతు నేరుగా ప్లాట్లు వేసి అమ్ముతాడు. మీ ఊళ్లో నిజంగా నేలను ముక్కలు చేస్తున్నది ఎవరో తెలియకుండా ఎంత మంచి ప్లాను గీసినా గోడకే. నీళ్ల సంగతీ అంతే. బొలీవియాలోని కోచబాంబా దక్షిణ శివార్లకు పురపాలక పైపులు అందకపోతే జనమే సంఘాలు కట్టుకుని బోర్లు తవ్వుకున్నారు, లేనివాళ్లు ట్యాంకర్ల నీళ్లు కొనుక్కున్నారు. అలాంటి సంఘాలు మీ దగ్గరా ఉంటే వాళ్లే మీకు అందరికన్నా బాగా శివారు తెలిసినవాళ్లు.

ఇక్కడ ఒక విషయంలో చాలా కచ్చితంగా ఉండండి. కాగితాలు లేని ఇళ్ల పటాలను ఇల్లిల్లూ గుర్తు పట్టేలా బయట పెట్టకండి. మీరు మంచికే చేసినా, ఆ పటమే రేపు బుల్డోజర్‌కు చిరునామా అవుతుంది. గళ్ల వారీగా, ప్రాంతం వారీగా మొత్తాలు చూపించండి చాలు. పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోవద్దు. జనం మిమ్మల్ని నమ్మి చెప్పిన మాట వాళ్ల మీదికే తిరగబడితే ఆ పని చేయకపోవడమే మేలు.

దూరం కొలవడానికి తేలిక దారి, మినీ బస్సు లేదా షేర్ ఆటో ఎక్కి ఫోన్‌లో జీపీఎస్ నమోదు పెట్టడం. నైరోబీలో విద్యార్థులు సరిగ్గా ఇలాగే ఫోన్లతో తిరిగి, 2014 నాటికి ప్రైవేటు మినీ బస్సుల రూట్ల పటం మొత్తం తయారు చేశారు. అంతకు ముందు అలాంటి పటం లేదు. మీరు నాలుగైదు రూట్లు చేసినా శివారు నుంచి ఊళ్లోకి రావడానికి పొద్దున్న ఎంతసేపు పడుతుందో అంకెల్లో చెప్పగలుగుతారు.

నీటి దారులు అన్నిటికన్నా ముందు

కొత్త రోడ్ల గీతలు గీసే ముందు వాగులు, వంకలు, చెరువులు, పల్లపు నేలలు పటం మీద పెట్టండి. యూరోపియన్ కమిషన్ కేంద్రం వాళ్లదే ఉపరితల జలాల పటం ఒకటి ఉంది, 1984 నుంచి ఏ చోట ఎంత తరచుగా నీళ్లు నిలిచాయో చూపిస్తుంది. ఎత్తుపల్లాలకు 30 మీటర్ల గళ్ల డేటా ఉచితంగా దొరుకుతుంది. కొండ ప్రాంతానికి అది సరిపోతుంది. బల్లపరుపు ఊళ్లో మాత్రం దాన్ని నమ్మొద్దు, దాని తప్పు కొన్ని మీటర్ల దాకా ఉండొచ్చు, మీ ఊరు మునగడానికి అర మీటరు చాలు. అలాంటి చోట పాత సర్వే పటాలు, ముసలివాళ్ల జ్ఞాపకాలు, గోడల మీది నీటి మరకలు ఎక్కువ నిజం చెబుతాయి. దార్ ఎస్ సలామ్‌లో 2015లో మొదలైన రమానీ హురియా ప్రాజెక్టులో విద్యార్థులు, బస్తీవాసులు కలిసి నడిచి కాలువలు, ముంపు చోట్లు నమోదు చేసి అందరికీ తెరిచి ఉండే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెట్టారు. మీరూ అక్కడే పెట్టండి, ఒక ఆఫీసు కంప్యూటర్ పాడైతే పోయే చోట కాదు.

నీటి దారికి జాగా వదిలితే ఏమవుతుందో మొజాంబిక్‌లోని బెయిరా నగరం చూపించింది. సముద్ర మట్టానికి అటూ ఇటూగా ఉన్న ఊరు అది. నడిబొడ్డున పూడుకుపోయిన షివేవే నదిని తవ్వి, చుట్టూ పచ్చని జాగా ఏర్పాటు చేయడం మొదలుపెట్టారు. 2019 మార్చిలో ఇడాయ్ తుపాను ఆ ఊరిని అతలాకుతలం చేసింది, అయినా ఆ నది పరిసరాల్లో వాన నీరు త్వరగా పోయిందని చెబుతారు. నది ఒక్కటే ఊరిని కాపాడలేదు, కానీ ఆ జాగా మీద ఇళ్లు కట్టి ఉంటే ఆ నీరు ఎవరి ఇంట్లోకి వెళ్లేదో ఆలోచించండి.

ఇప్పుడు అసలు పని: రాబోయే ముప్పై ఏళ్ల రోడ్లు

మన ఊహాత్మక నగరానికే వద్దాం. ఏడాదికి 3.1 శాతం చొప్పున పెరుగుతూ పోతే 3.2 లక్షల జనం 30 ఏళ్లలో సుమారు 8.2 లక్షలవుతారు. మనిషికి ఇప్పటిలాగే 156 చదరపు మీటర్లు అనుకుంటే 128 చదరపు కిలోమీటర్లు కావాలి, అంటే ఇప్పుడున్న 50 మీద ఇంకో 78. ఊరు కాస్త కుదురుగా కట్టుకుని 125 చదరపు మీటర్లతో సరిపెట్టుకుంటే మొత్తం 102 చాలు. ఇప్పటిలాగే పలచబడుతూ 200కి చేరితే 164 అవుతుంది. మూడు అంకెలూ చెప్పండి. ఒక్క అంకె చెబితే జోస్యంలా ఉంటుంది, మూడు చెబితే నిర్ణయం ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది. ఏ లెక్కన చూసినా ఊరు రెట్టింపు దాకా పోతుందనేది మాత్రం మారదు. చాలా మాస్టర్ ప్లాన్లు ఇక్కడే కళ్లు మూసుకుంటాయి, పది శాతమో ఇరవై శాతమో పెరుగుతుందని గీసి, మిగిలిందంతా అక్రమం అని ముద్ర వేస్తాయి.

ఆ నేల మీద ముంపు చోట్లు, నిటారు కొండలు, అడవి, మంచి తడి నేలలు తీసేయండి. మిగిలినదాని మీద కిలోమీటరుకొకటి చొప్పున నిలువుగా, అడ్డంగా గీతలు గీయండి, ఒక్కో గీత 30 మీటర్ల వెడల్పు. ఇవి పెద్ద రోడ్లు. బస్సు పోవాలి, నీటి మెయిన్ లైన్ పోవాలి, మురుగు పోవాలి, కాలినడకన వెళ్లేవాళ్లకు, చెట్లకు చోటుండాలి. కిలోమీటరు దూరం ఎందుకంటే, అప్పుడు ఏ ఇంటి నుంచైనా దగ్గరలోని పెద్ద రోడ్డుకు అర కిలోమీటరుకు మించదు, నడిచి వెళ్లి బస్సు ఎక్కొచ్చు. నేల ఎంత పోతుందని అడుగుతారు, జవాబు సిద్ధంగా ఉంచుకోండి: చదరపు కిలోమీటరుకు సుమారు 6 శాతం. అంతే. లోపలి చిన్న సందులు ఎలా వేసుకోవాలో ఇప్పుడే తేల్చక్కర్లేదు, ఆ తగాదాలోకి దిగితే పెద్ద గీతలు కూడా పోతాయి.

గీతలు స్కేలుతో గీసినట్టు తిన్నగా ఉండాల్సిన పని లేదు. ఉన్న బండి దారులు, పొలం గట్లు, సర్వే హద్దుల వెంబడి వంచండి. శ్మశానం, గుడి, మసీదు, చర్చి, ఊరి బావి వస్తే పక్కకు జరపండి, ఒక్క మలుపు కోసం మొత్తం రోడ్డును కోర్టులో పడేసుకోవద్దు. ముక్కలు ముక్కలుగా కాకుండా ఒక చివర నుంచి ఇంకో చివరకు కలిసేలా మాత్రం చూడండి. ఎక్కడికీ చేరని రోడ్డు వెంటనే ఆక్రమణకు గురవుతుంది.

ఇదంతా ఊహల్లోని మాట కాదు. ఇథియోపియాలోని అడామా, బహిర్ దార్, హవాసా, మెకెలె నగరాలు, కొలంబియాలోని మొంతెరియా, వయ్యెదుపార్ నగరాలు 2010ల దశకంలో న్యూయార్క్ విశ్వవిద్యాలయ బృందంతో కలిసి ఈ పద్ధతే పట్టుకున్నాయి. ముప్పై ఏళ్లకు నేల అంచనా, పెద్ద రోడ్ల గళ్లు, కాపాడాల్సిన ఖాళీ జాగాలు. అందులో నాకు అన్నిటికన్నా నచ్చేది, పెద్ద పెద్ద సలహాదారుల నివేదికలు కాకుండా ఆ నగరాల సిబ్బందే కూర్చుని గీయగలిగేంత తేలికగా దాన్ని ఉంచడం.

గీసిన గీతను నేల మీద నిలబెట్టడం కష్టమైన భాగం. నోటిఫికేషన్ ఇవ్వడం మొదటి అడుగు, కానీ గెజిట్ చదివి స్థలం కొనేవాడు ఎవడూ ఉండడు. అందుకే హద్దు రాళ్లు పాతించండి, రెండు వైపులా చెట్లు నాటించండి, కనీసం ట్రాక్టర్ పోయేంత మట్టి దారి తీయించండి. వాడే దారిని ఎవరూ అంత తేలికగా మూయలేరు. పెద్దల చేతిలో భూమి ఉన్న చోట వాళ్లతో కూర్చుని, రోడ్డుకు ఆనుకున్న ప్లాటు ధర ఎంత పెరుగుతుందో చూపిస్తే చాలాసార్లు వాళ్లే కాపలా కాస్తారు. రైతు పొలం మధ్య నుంచి రోడ్డు పోయి ఒక్కడే నష్టపోయే పరిస్థితి రానివ్వకండి. భూమిని అందరి దగ్గరా కొంత కొంత తీసుకుని, మిగిలింది సక్రమమైన ప్లాట్లుగా అందరికీ తిరిగిచ్చే పద్ధతి ఉంది. గుజరాత్‌లో దీన్ని టౌన్ ప్లానింగ్ స్కీమ్ అంటారు, మూలం 1915 నాటి బొంబాయి చట్టంలో ఉంది, ఇప్పుడు 1976 చట్టం కింద నడుస్తోంది. 2001 భూకంపం తర్వాత భుజ్‌లో ఇరుకు సందులను వెడల్పు చేసి కొత్త ఊరు కట్టింది ఈ పద్ధతితోనే. నమ్మదగ్గ భూ రికార్డులు లేని చోట ఇది నెమ్మదిగా నడుస్తుంది, కానీ ఒక్క రైతును బలిచేసే దారి కన్నా ఎంతో న్యాయమైనది.

"పెరగకుండా కట్టడి చేస్తే పోలా?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, మంచి మనసుతోనే వస్తుంది, పొలాలూ పచ్చదనం పోతున్నాయనే బాధతో. దక్షిణ కొరియా 1971లో సియోల్ చుట్టూ హరిత వలయం పెట్టింది. పచ్చదనం చాలావరకు నిలిచింది, అది నిజం. కానీ ఊరు ఆగలేదు, వలయం దాటి అవతల కొత్త పట్టణాలుగా లేచింది, లక్షల మంది రోజూ ఆ పచ్చని పట్టీ మీదుగా ప్రయాణం చేయాల్సి వచ్చింది. అంత బలమైన ప్రభుత్వం, అంత మంచి రైళ్లు ఉన్న చోట సంగతి అది. నిఘా పెట్టే సిబ్బందే లేని నగరంలో నిషేధం అంటే పేదవాడు లంచం కట్టి కట్టుకోవడం, డబ్బున్నవాడు పలుకుబడితో కట్టుకోవడం, అంతే. కాపాడాల్సిన చోట్లు కొన్నే ఎంచుకుని వాటిని గట్టిగా కాపాడండి: నీటి దారులు, ముంపు నేల, ఒకటి రెండు పెద్ద పార్కులు.

ఊరి లోపలి ఖాళీలు నింపడం మాత్రం ఇదే సమయంలో జరగాల్సిన పని. నడిబొడ్డున ఏళ్ల తరబడి ప్రహరీ కట్టి ఉంచిన స్థలాలను పటంలో లెక్కపెట్టండి, ఆ అంకె చాలామందిని కదిలిస్తుంది. ఖాళీ స్థలం మీద ఎక్కువ పన్ను, రోడ్డు వేసినందువల్ల పెరిగిన విలువలో కొంత వాటా, ఇవి రెండూ అడగదగ్గవే. కొలంబియా 1997 నాటి 388వ చట్టంతో అలా పెరిగిన విలువలో 30 నుంచి 50 శాతం పురపాలక సంఘం తీసుకునే వీలు కల్పించింది. మా దగ్గర భూముల విలువ కట్టే సిబ్బందే లేరంటే సోమాలీలాండ్‌లోని హర్గీసాను చూపించండి. 2000ల దశకం మధ్యలో ఉపగ్రహ చిత్రం మీద ఒక్కొక్క కట్టడాన్నీ గుర్తించి, సైజు, ప్రాంతాన్ని బట్టి ఆస్తి పన్ను వేయడం మొదలుపెట్టారు, రాబడి కొన్నేళ్లలోనే బాగా పెరిగింది. యుద్ధంలో కూలిపోయి మళ్లీ లేచిన ఊరు చేసిన పని అది.

కౌన్సిల్ ముందుకు వెళ్లేటప్పుడు

బడ్జెట్ తయారీకి రెండు మూడు నెలల ముందు వెళ్లండి, తర్వాత వెళ్తే "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు. ఒకే ఒక్క పటం తీసుకెళ్లండి, గోడకు తగిలించేంత పెద్దది. 2005 ఊరు ఒక రంగు, 2020 ఊరు ఇంకో రంగు, నీటి దారులు నీలం, మీరు అడుగుతున్న రోడ్ల గీతలు ఎరుపు. పక్కన ఒక పేజీ, దాంట్లో ఐదారు అంకెలు. అడిగేది కూడా ఒక్కటే ఉండాలి: ఫలానా దిక్కున, ఊరు అన్నిటికన్నా వేగంగా పోతున్న వైపు, ఫలానా మూడు రోడ్ల జాగాకు ఈ ఏడాదే సర్వే చేయించి రాళ్లు పాతించండి. మొత్తం గళ్లన్నీ ఒకేసారి అడిగితే ఒక కమిటీ వేసి పంపిస్తారు. మూడు రోడ్లు నిలబడితే తర్వాతి మూడు అడగడం తేలిక.

పక్క గ్రామాల పెద్దలను కూడా అదే గదిలో కూర్చోబెట్టండి, రోడ్డు వాళ్ల హద్దులోనే సగం ఉంటుంది. రియల్ ఎస్టేట్ వాళ్లను దూరం పెట్టకండి. ప్లాట్లు వేసేవాళ్లకు పెద్ద రోడ్డు ఎక్కడ వస్తుందో ముందే తెలిస్తే తమ లేఅవుట్‌ను దానికి కలుపుకుంటారు, అది వాళ్ల లాభానికే. తెలియనప్పుడే ఎవరికి వారు అడ్డంగా కట్టేస్తారు. గీతలు మాత్రం కొంతమంది చెవిలో కాకుండా అందరి ముందూ ఒకే రోజు బయటపెట్టించండి, లేకపోతే ముందే తెలిసినవాళ్లు ఆ వెంబడి నేల కొనేసి ధర పెంచుతారు, కబ్జాలూ మొదలవుతాయి.

రాళ్లు పాతాక ఏటా ఒకసారి, అదే నెలలో, కొత్త ఉపగ్రహ చిత్రం తీసి ఆ గీతల మీద పెట్టి చూడండి. ఎక్కడైనా ఒక పునాది గీతలోకి వచ్చిందంటే ఆ వారమే వెళ్లి మాట్లాడండి. పునాది దశలో ఒక కుటుంబానికి పక్కనే ఇంకో ప్లాటు చూపించి సర్దుబాటు చేయొచ్చు, స్లాబు పడ్డాక అది కుదరదు. ఈ సరిచూసే పని ఒక కాలేజీకి అప్పగించగలిగితే ఇంకా మంచిది, మనుషులు బదిలీ అయినా విద్యార్థులు ప్రతి ఏడాదీ కొత్తగా వస్తూనే ఉంటారు. ఫైళ్లన్నీ, పటాలతో సహా, ఏ పద్ధతిలో కొలిచారో రాసిన ఒక చిన్న నోటుతో కలిపి వాళ్ల చేతికి ఇవ్వండి.